కోల్‌కతా సభలో ఉత్తర బెంగాల్ గొంతు: 54 నియోజకవర్గాల నుంచి వచ్చే ప్రశ్నలేమిటి, జవాబులు ఎందుకు దొరకవు?

పశ్చిమ బెంగాల్ శాసనసభలో 294 స్థానాలున్నాయి. వాటిలో 54 గంగకు ఉత్తరాన ఉన్న 8 జిల్లాలవి. కోల్‌కతాలోని సభాభవనం నుంచి సిలిగుడి 550 కిలోమీటర్లకు పైగా దూరం. కూచ్ బెహార్ అయితే ఇంకా దూరం. అక్కడి ఎమ్మెల్యే తన ఊరి కట్ట తెగిందని చెప్పాలన్నా, ఆసుపత్రిలో వైద్యుడు లేడని చెప్పాలన్నా రాత్రంతా రైలులో ప్రయాణించి రావాలి. ఇంత దూరం వచ్చి వాళ్లు అడిగేది ఏమిటి? ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు ఎందుకు తిరిగి వస్తున్నాయి? తీస్తా వరద మీద మొదలైన చర్చ చివరికి రాష్ట్ర విభజన వాదంగా ఎందుకు మారుతోంది?

తెలంగాణ ఉద్యమాన్ని, ఉత్తరాంధ్ర, రాయలసీమ వెనుకబాటు చర్చలను దగ్గరగా చూసిన తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తగా అనిపించదు. వివరాలు మాత్రం వేరు.

ఉత్తర బెంగాల్ అంటే ఏ ప్రాంతం?

కూచ్ బెహార్, అలీపుర్‌దువార్, జల్పాయిగుడి, డార్జిలింగ్, కాలింపాంగ్, ఉత్తర దినాజ్‌పుర్, దక్షిణ దినాజ్‌పుర్, మాల్దా జిల్లాలను కలిపి ఉత్తర బెంగాల్ అంటారు. వీటిలో రెండు కొత్త జిల్లాలు. 2014 జూన్‌లో జల్పాయిగుడి నుంచి అలీపుర్‌దువార్‌ను, 2017 ఫిబ్రవరిలో డార్జిలింగ్ నుంచి కాలింపాంగ్‌ను విడదీశారు. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ మూడింటితోనూ ఈ ప్రాంతానికి సరిహద్దు ఉంది. ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే సిలిగుడి కారిడార్ ఇక్కడిదే. దాని అతి సన్నటి చోట వెడల్పు 20 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ.

శాసనసభ స్థానాలను జిల్లాలవారీగా చూస్తే మాల్దాలో 12, కూచ్ బెహార్‌లో 9, ఉత్తర దినాజ్‌పుర్‌లో 9, జల్పాయిగుడిలో 7, దక్షిణ దినాజ్‌పుర్‌లో 6, అలీపుర్‌దువార్‌లో 5, డార్జిలింగ్‌లో 5, కాలింపాంగ్‌లో 1. మొత్తం సభలో ఇది ఐదో వంతు కంటే తక్కువ. అంటే ఉత్తర బెంగాల్‌లో ఒక్క సీటూ గెలవకపోయినా ప్రభుత్వం ఏర్పాటు చేయడం లెక్క ప్రకారం సాధ్యమే. అక్కడి అసంతృప్తికి మూలాల్లో ఈ లెక్క ఒకటి.

2021 ఎన్నికలు దీన్ని ఇంకా స్పష్టంగా చూపించాయి. రాష్ట్రంలో తృణమూల్ కాంగ్రెస్ 213 స్థానాలతో మూడోసారి అధికారంలోకి వచ్చింది. కానీ ఉత్తర బెంగాల్‌లోని 54 స్థానాల్లో బీజేపీ 30 గెలిచింది. తృణమూల్‌కు 23, కాలింపాంగ్ ఒక్కటి కొండ ప్రాంత పార్టీకి దక్కాయి. అలీపుర్‌దువార్ జిల్లాలోని ఐదుకు ఐదూ బీజేపీవే. బీజేపీ గెలిచిన మొత్తం 77 స్థానాల్లో 30 ఇక్కడివే కావడంతో 17వ శాసనసభలో ప్రతిపక్ష బెంచీల మీద ఉత్తరాది యాస బలంగా వినిపించింది. తర్వాత ఫిరాయింపులు, ఉప ఎన్నికలు ఈ లెక్కను కొంత మార్చాయి. దిన్‌హాటా, ధూప్‌గుడి, రాయ్‌గంజ్, మదారీహాట్ స్థానాలను తృణమూల్ ఉప ఎన్నికల్లో గెలుచుకుంది. వీటిలో ధూప్‌గుడి ఉప ఎన్నిక ప్రచారమంతా దాదాపు ఒకే స్థానిక డిమాండ్ చుట్టూ తిరిగింది. ఆ పట్టణాన్ని సబ్ డివిజన్ కేంద్రం చేయాలన్నదే ఆ డిమాండ్.

సభలో నోరు విప్పే దారులు

ఒక ఎమ్మెల్యే తన నియోజకవర్గం సమస్యను సభ ముందుకు తేవడానికి కొన్ని నిర్ణీత మార్గాలున్నాయి. మొదటిది ప్రశ్నోత్తరాల సమయం. ముందుగా రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్నకు మంత్రి జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ఈ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. తప్పుడు సమాచారం ఇస్తే హక్కుల ఉల్లంఘన కింద మంత్రిని నిలదీయవచ్చు. అందుకే అన్ని మార్గాల్లోకీ పదునైనది ఇదే.

రెండోది ‘మెన్షన్’. తన ప్రాంతపు సమస్యను సభ్యుడు క్లుప్తంగా సభ దృష్టికి తెస్తాడు. తెలుగు రాష్ట్రాల సభల్లో జీరో అవర్‌లో జరిగే ప్రస్తావన లాంటిదే ఇది. రోడ్డు, వంతెన, కట్ట, కళాశాల, ఏనుగుల దాడి వంటివన్నీ ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి. మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న కట్టుబాటు లేకపోవడం దీని బలహీనత.

మూడోది సావధాన తీర్మానం. అత్యవసర ప్రజా ప్రాధాన్య అంశం మీద మంత్రి ప్రకటన కోరడానికి వాడతారు. నాలుగోది వాయిదా తీర్మానం. దీన్ని స్పీకర్ అనుమతించడం అరుదు. తిరస్కరించగానే నినాదాలు, వాకౌట్ మామూలే. ఐదోది 185వ నిబంధన కింద పెట్టే తీర్మానం. ఒక అంశం మీద సభ మొత్తం చర్చించి తన అభిప్రాయం చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఉత్తర బెంగాల్ మీద అతి వాడిగా సాగిన చర్చలు ఈ మార్గంలోనే వచ్చాయి. ఇవి కాక బడ్జెట్ పద్దుల మీద చర్చ, శాసనసభా కమిటీల క్షేత్ర పర్యటనలు ఉన్నాయి.

పశ్చిమ బెంగాల్‌లో ఇప్పుడు విధాన పరిషత్ లేదు. 1969లోనే రద్దయింది. దాన్ని మళ్లీ తెస్తామని 2021 జులైలో సభ తీర్మానం చేసింది గానీ పార్లమెంటు చట్టం చేయనిదే అది అమల్లోకి రాదు. కాబట్టి స్థానిక సమస్యకు రాష్ట్ర స్థాయిలో ఉన్న చట్టసభ వేదిక ఇదొక్కటే.

అక్టోబరు అంటే భయం: నదుల సమస్య

ఉత్తర బెంగాల్ సభ్యులు అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడేది నీటి గురించి. 1968 అక్టోబరు 4న తీస్తా వరద జల్పాయిగుడి పట్టణాన్ని ముంచేసింది. ఆ రాత్రి జ్ఞాపకం ఇప్పటికీ అక్కడి కుటుంబాల్లో మాట్లాడుకుంటారు. 2022 అక్టోబరు 5న దుర్గా నిమజ్జనం వేళ మాల్ నదికి ఒక్కసారిగా ఉద్ధృతి వచ్చి 8 మంది కొట్టుకుపోయారు. 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి దాటాక సిక్కింలోని దక్షిణ లోనాక్ హిమానీ సరస్సు గట్టు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గరి తీస్తా-3 ఆనకట్టను ఊడ్చుకుపోయింది. ఆ బురద, రాళ్లు దిగువన కాలింపాంగ్, జల్పాయిగుడి జిల్లాల్లో మేట వేసి నదీగర్భాన్ని పైకి లేపాయి. అప్పటి నుంచి మామూలు వానకే తీస్తా బజార్ దగ్గర నీళ్లు రోడ్డెక్కుతున్నాయి. సిక్కింకు ప్రాణాధారమైన 10వ నంబరు జాతీయ రహదారి మాటిమాటికీ మూతపడుతోంది. 2025 అక్టోబరు 4 రాత్రి కురిసిన కుంభవృష్టికి మిరిక్ పరిసరాల్లో కొండచరియలు విరిగిపడ్డాయి, నాగ్‌రాకాటా వైపు ఊళ్లు మునిగాయి, దూధియా దగ్గర బాలాసన్ నది మీది ఇనుప వంతెన కూలింది. 20 మందికి పైగా చనిపోయారు.

అంత నష్టం జరిగాక కూడా రాజకీయం ఆగలేదు. వరద బాధితులను చూడటానికి నాగ్‌రాకాటా వెళ్లిన మాల్దా ఉత్తర ఎంపీ ఖగేన్ ముర్ము, సిలిగుడి ఎమ్మెల్యే శంకర్ ఘోష్‌ల మీద అక్టోబరు 6న దాడి జరిగింది. ఎంపీ ముఖానికి తీవ్ర గాయమై ఆసుపత్రి పాలయ్యారు. వరద సాయం ఎవరికెంత అందింది అన్న ప్రశ్నను ‘దాడి ఎవరు చేశారు’ అన్న ప్రశ్న పక్కకు నెట్టేసింది.

రెండో చిక్కు భూటాన్ నుంచి దిగే నదులు. తోర్సా, జల్‌ఢాకా, రాయ్‌డాక్, సంకోష్ వంటివి భూటాన్ కొండల మీదుగా వచ్చి డువార్స్ మైదానంలోకి ఒక్కసారిగా దిగుతాయి. అక్కడి డోలమైట్ గనుల మట్టి, రాళ్లు వీటితో పాటే వస్తాయి. అలీపుర్‌దువార్ జిల్లా తేయాకు తోటలు, పొలాలు, అడవులు ఆ మేట కింద పడి పాడవుతున్నాయి. భారత్-భూటాన్ ఉమ్మడి నదీ సంఘం ఏర్పాటు చేయాలన్న డిమాండ్ 2024 వర్షాకాల సమావేశాల్లో సభలో చర్చకు వచ్చింది. అదే జులైలో నీతి ఆయోగ్ సమావేశంలోనూ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ దాన్ని ఎత్తారు. ఈ విషయంలో అధికార, ప్రతిపక్ష సభ్యుల ఊళ్లు ఒకే నదికి మునుగుతాయి. అయినా పొరుగు దేశంతో ఒప్పందం కేంద్రం చేతిలోని పని. రాష్ట్ర సభ చేయగలిగింది అడగడం మాత్రమే.

మూడోది మాల్దాలో గంగ కోత. 1975లో ఫరక్కా బ్యారేజీ ప్రారంభమయ్యాక ఎగువన నది ఎడమ గట్టును తినడం పెరిగింది. మానిక్‌చక్, రతువా, కాలియాచక్ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే నదిలో కలిశాయి. ఎదుటి వైపు ఇసుక మేటలుగా తేలిన భూమి ఝార్ఖండ్ వైపు చేరడంతో, అక్కడ స్థిరపడిన నిర్వాసితులకు తాము ఏ రాష్ట్రం వాళ్లమన్నదే ప్రశ్నగా మారింది. కోత నివారణ పనుల కోసం ఫరక్కా బ్యారేజీ ప్రాజెక్టు పరిధిని 2005లో 120 కిలోమీటర్లకు పెంచారు. 2017లో దాన్ని 19.4 కిలోమీటర్లకు కుదించారు. మిగతా గట్టును ఎవరు కాపాడాలి అన్నదాని మీద అప్పటి నుంచీ వాదన నడుస్తోంది. మాల్దా ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేస్తే రాష్ట్ర మంత్రి కేంద్రాన్ని చూపిస్తారు. అదే జిల్లా ఎంపీ లోక్‌సభలో అడిగితే గట్ల రక్షణ రాష్ట్రం పని అన్న జవాబు వస్తుంది. రాజ్యాంగంలోనూ రెండు మాటలకూ ఆధారముంది. నీరు, కట్టలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న ఊరు మాత్రం ఏటా కొంచెం కొంచెంగా నదిలోకి జారుతోంది.

తీస్తా సాగునీటి ప్రాజెక్టుదీ అదే పరిస్థితి. 1970ల నడుమ మొదలైన ఈ పథకం కింద 9.22 లక్షల హెక్టార్లకు నీళ్లివ్వాలని తొలినాటి ప్రణాళిక. గజల్‌డోబా దగ్గర బ్యారేజీ నిలబడింది గానీ కాలువలు ఆ లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయాయి. 2011లో బంగ్లాదేశ్‌తో తీస్తా నీటి పంపకం ఒప్పందాన్ని బెంగాల్ ప్రభుత్వం అడ్డుకోవడానికి చెప్పిన కారణం ఉత్తర బెంగాల్ రైతుల సాగునీరే. అయితే ఆ రైతుల పొలాలకు కాలువ ఎప్పుడొస్తుందన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

తేయాకు తోటల్లో ఐదు సెంట్ల ప్రశ్న

డార్జిలింగ్ కొండలు, తరాయి, డువార్స్ కలిపి ఇక్కడ పెద్ద తేయాకు తోటలు 270కి పైగా ఉన్నాయి. సుమారు 3 లక్షల మంది కార్మికులు వాటి మీద బతుకుతున్నారు. డువార్స్ కార్మికుల్లో ఎక్కువ మంది ఒరావ్, ముండా, సంతాల్ వంటి ఆదివాసీ తెగల వాళ్లు. బ్రిటిష్ కాలంలో ఛోటానాగ్‌పుర్ పీఠభూమి నుంచి వీళ్ల పూర్వీకులను తోట పనికి తీసుకొచ్చారు. నాలుగైదు తరాలు గడిచినా, ఉంటున్న ఇల్లు వాళ్ల పేరు మీద లేదు. భూమి ప్రభుత్వానిది, లీజు కంపెనీది, ఇల్లు కంపెనీ ‘లైను’లోది. ఇంట్లో ఒకరికి తోటలో పని ఉన్నంత కాలమే ఆ ఇంటి మీద హక్కు.

అందుకే తోటల నియోజకవర్గాల నుంచి వచ్చే ప్రశ్నలు మూడింటి చుట్టూ తిరుగుతాయి. ఒకటి కూలి. 2015లో కనీస వేతన సలహా సంఘం వేసినా కనీస వేతనం ఖరారు కాలేదు. మధ్యంతర పెంపులతోనే నెట్టుకొస్తున్నారు. 2023లో రోజు కూలి 250 రూపాయలకు చేరింది. రెండు, మూతపడిన తోటలు. యజమాని ఒక రాత్రి తాళం వేసి వెళ్లిపోతే కూలితో పాటు రేషన్, వైద్యం, తాగునీరు కూడా ఆగిపోతాయి. 1951 నాటి తోట కార్మికుల చట్టం వైద్యం, తాగునీరు వంటి సదుపాయాలను యాజమాన్యం బాధ్యతగా పెట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చాయి.

మూడోది పట్టా. 2023 నుంచి రాష్ట్ర ప్రభుత్వం కార్మిక కుటుంబాలకు 5 డెసిమళ్ల వరకు భూమి పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన లెక్కలో 5 సెంట్లు. ఇది చిన్న విషయం కాదు, తరతరాల తర్వాత చేతికొచ్చిన తొలి కాగితం. కానీ కార్మికుల్లో చాలామంది దీన్ని అనుమానంగా చూశారు. ఇప్పటికే ఉంటున్న ఇల్లు, పెరడు, సాగు చేసుకుంటున్న చెక్క కలిపితే చాలా కుటుంబాలకు 5 సెంట్ల కంటే ఎక్కువే ఉంటుంది. ఉన్నచోటే, ఉన్నంత భూమికి హక్కు ఇవ్వాలన్నది వాళ్ల డిమాండ్. ముఖ్యంగా కొండల్లో దీని మీద నిరసన గట్టిగా వచ్చింది.

దీనికి తోడు 2019 నాటి టీ టూరిజం విధానం తోట భూమిలో 15 శాతం వరకు, 150 ఎకరాల గరిష్ఠ పరిమితితో, పర్యాటక ప్రాజెక్టులకు వాడుకోనిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఈ వాటాను 30 శాతానికి పెంచుతామని ముఖ్యమంత్రి ప్రకటించారు. కార్మికుడికి 5 సెంట్లు కొలిచి ఇచ్చే ప్రభుత్వం కంపెనీకి హోటళ్ల కోసం ఎకరాలు వదులుతోందని ప్రతిపక్ష సభ్యులు, కార్మిక సంఘాలు విమర్శించాయి. వాడకంలో లేని భూమికే ఇది వర్తిస్తుందని, ఉద్యోగాలు పెరుగుతాయని ప్రభుత్వం చెబుతోంది. తోట భూమి లీజు పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంది కాబట్టి, నదుల విషయంలోలా దీన్ని ఢిల్లీ మీదికి నెట్టడం కుదరదు. సభలో ఒత్తిడికి ఫలితం రాగల అంశాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

ఏనుగు, రైలు, పరీక్ష

డువార్స్ అడవుల మధ్య నుంచి సిలిగుడి-అలీపుర్‌దువార్ రైలు మార్గం వెళుతుంది. మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌గా మారాక రైళ్ల వేగం, సంఖ్య పెరిగి ఏనుగుల మరణాలూ పెరిగాయి. 2013 నవంబరు 13న చాప్రామారీ అడవి దగ్గర జల్‌ఢాకా వంతెన మీద ఒకే రైలు ఢీకొని ఏడు ఏనుగులు చనిపోయాయి. మరోవైపు ఏనుగుల చేతిలో మనుషులు పోతున్నారు. 2023 ఫిబ్రవరి 23న జల్పాయిగుడి జిల్లా బైకుంఠపుర్ అడవి దారిలో పదో తరగతి పరీక్షకు వెళుతున్న ఒక విద్యార్థి ఏనుగు దాడిలో మరణించాడు. ఆ తర్వాత అటవీ ప్రాంత విద్యార్థులను అటవీశాఖ వాహనాల్లో పరీక్షా కేంద్రాలకు చేర్చే ఏర్పాట్లు చేశారు. ఒక్క ప్రాణం పోయాక గానీ కదలని వ్యవస్థ గురించి చిత్తూరు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఏనుగుల గుంపులతో వేగుతున్న రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రి, కోర్టు, సచివాలయం

ఉత్తర దినాజ్‌పుర్ జిల్లా రాయ్‌గంజ్‌లో ఎయిమ్స్ పెట్టాలని యూపీఏ హయాంలో ప్రతిపాదన వచ్చింది. భూసేకరణ దగ్గర పీటముడి పడి, చివరికి 2015లో నదియా జిల్లా కల్యాణికి ఎయిమ్స్ మంజూరైంది. కల్యాణి కోల్‌కతాకు కూతవేటు దూరం. ఇప్పటికీ ఉత్తర బెంగాల్ ఎమ్మెల్యే ఎవరు వైద్యం గురించి మాట్లాడినా ఎయిమ్స్ ప్రస్తావన లేకుండా ముగించరు. సిలిగుడి దగ్గర 1968 నుంచి ఉన్న ఉత్తర బెంగాల్ వైద్య కళాశాల మీదే ఈ ప్రాంతపు భారం చాలావరకు పడుతోంది. మన దగ్గర ఉద్దానం కిడ్నీ రోగుల గోడు ఎన్నో సభల్లో వినిపించాక గానీ పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి రాలేదు. 2023 డిసెంబరులో అవి ప్రారంభమయ్యాయి. ఉద్దానానికి చివరికి దక్కినది రాయ్‌గంజ్‌కు దక్కలేదు.

కోర్టు విషయంలో మాత్రం పట్టుదల ఫలించింది. దశాబ్దాల పాటు న్యాయవాదులు, అన్ని పార్టీల నాయకులు పోరాడాక 2019 మార్చిలో జల్పాయిగుడిలో కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి పని మొదలుపెట్టింది. అప్పటిదాకా బెయిల్ పిటిషన్ కోసం కూడా కోల్‌కతాకు రైలెక్కాల్సిందే. కర్నూలులో హైకోర్టు బెంచి కోరుతూ 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసినప్పుడు వినిపించిన వాదన కూడా సరిగ్గా ఇదే.

పాలనను దగ్గరికి తెచ్చే ప్రయత్నమూ జరిగింది. 2011లో ఉత్తర బెంగాల్ అభివృద్ధికి ప్రత్యేక శాఖ పెట్టారు. 2014 జనవరిలో సిలిగుడి శివారులో ‘ఉత్తరకన్య’ పేరుతో మినీ సచివాలయం ప్రారంభించారు. భవనం వచ్చింది గానీ ఫైలు మీద నిర్ణయం కోల్‌కతాలోనే జరుగుతోందన్నది ప్రతిపక్షం ఆరోపణ. రోడ్లు, వంతెనలు, విశ్వవిద్యాలయాలు లెక్కపెట్టి చూసుకోండి అన్నది అధికార పక్షం జవాబు.

కొండల ప్రశ్న

డార్జిలింగ్ కొండల ప్రతినిధులు సభలో లేవనెత్తేది మిగతా వాళ్ల ప్రశ్నలకు భిన్నమైనది. గూర్ఖాలాండ్ ఉద్యమం తర్వాత 1988లో డార్జిలింగ్ గూర్ఖా కొండ మండలి ఏర్పడింది. 2011 జులైలో కేంద్రం, రాష్ట్రం, గూర్ఖా జనముక్తి మోర్చా త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది బెంగాల్ సభ చట్టం చేసి గూర్ఖాలాండ్ ప్రాదేశిక పరిపాలన సంస్థ, అంటే జీటీఏకు రూపమిచ్చింది. 2017లో బడుల్లో బెంగాలీ తప్పనిసరి అన్న ప్రకటన మీద రాజుకున్న ఆందోళన 104 రోజుల బంద్‌గా మారింది. ఆ తర్వాత 2022లో గానీ జీటీఏకు ఎన్నికలు జరగలేదు. కొండల్లో పంచాయతీ ఎన్నికలైతే 2000 తర్వాత మళ్లీ 2023లోనే జరిగాయి. రెండు దశాబ్దాలకు పైగా ఎన్నికైన సర్పంచి లేని ఊరిలో కాలువ పూడిక గురించి చెప్పుకోవడానికి మిగిలింది ఎమ్మెల్యే ఒక్కడే. స్థానిక సంస్థలు చతికిలపడితే శాసనసభ మీద మోయలేని బరువు పడుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

‘విభజన’ అన్న మాట పడగానే

ఇదే సభాభవనంలో 1947 జూన్ 20న బెంగాల్ విభజన మీద ఓటు జరిగింది. పశ్చిమ ప్రాంత సభ్యులు 58-21 తేడాతో విభజనకు మొగ్గారు. ఆ చరిత్ర ఉన్న చోట ‘రాష్ట్రాన్ని చీల్చడం’ అన్న మాటకు ఉండే బరువు వేరు.

2021 జూన్‌లో అప్పటి అలీపుర్‌దువార్ ఎంపీ జాన్ బార్లా ఉత్తర బెంగాల్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేయాలన్నారు. అది పార్టీ వైఖరి కాదని బీజేపీ రాష్ట్ర నాయకత్వం దూరం జరిగింది. 2023 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన ప్రయత్నాలకు వ్యతిరేకంగా తృణమూల్ 185వ నిబంధన కింద తీర్మానం పెట్టి మూజువాణి ఓటుతో నెగ్గించుకుంది. ఆ చర్చలో కర్సియాంగ్ బీజేపీ ఎమ్మెల్యే విష్ణు ప్రసాద్ శర్మ కొండల్లో ప్రజాభిప్రాయ సేకరణ కోరారు. ఆయన పార్టీలోని దక్షిణాది సభ్యులకు ఆ మాట మింగుడు పడేది కాదు.

2024 జులైలో బాలూర్‌ఘాట్ ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి సుకాంత మజుందార్ ఉత్తర బెంగాల్‌ను ఈశాన్య ప్రాంత అభివృద్ధి శాఖ పరిధిలోకి తేవాలని ప్రధానికి ప్రతిపాదించారు. నిధులు వస్తాయన్నది ఆయన వాదన. ఇది విభజనకు తొలిమెట్టు అన్నది తృణమూల్ వాదన. ఆగస్టు 5న సభలో మళ్లీ తీర్మానం వచ్చింది. ఈసారి విశేషం ఏమిటంటే, అఖండ బెంగాల్ సర్వతోముఖాభివృద్ధి గురించి తాను సూచించిన వాక్యం చేర్చడానికి ముఖ్యమంత్రి ఒప్పుకోవడంతో ప్రతిపక్ష నేత సువేందు అధికారి మద్దతు పలికారు. ఒక్క వాక్యం సర్దుబాటుతో రెండు పక్షాలూ ఒక గట్టుకు చేరడం ఆ సభలో అరుదైన దృశ్యం.

అయితే ఇలాంటి తీర్మానాలకు చట్టబద్ధమైన బలం ఎంత? తెలుగువారికి ఇది అనుభవపూర్వకంగా తెలుసు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు అధికారం పార్లమెంటుది. రాష్ట్రపతి బిల్లును సభ అభిప్రాయం కోసం పంపాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. అయినా జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కోల్‌కతా తీర్మానాలు కూడా రాజకీయ సంకేతాలే, కవచాలు కావు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. వెనుకబాటు గురించి మాట్లాడిన ప్రతి సభ్యుణ్నీ విభజనవాది అని ముద్ర వేయడం అధికార పక్షానికి సులువు. ప్రతి గుంతకూ ‘ఉత్తర బెంగాల్ పట్ల వివక్ష’ అని పేరు పెట్టడం ప్రతిపక్షానికి సులువు. రెండు వైపులా సులువైన మాట దొరికాక, ఏ శాఖలో ఎంత ఖర్చయిందన్న కష్టమైన ప్రశ్న వెనకబడుతుంది.

సభ బయట ఉంటే

ఇంకో అడ్డంకి సస్పెన్షన్లు. 2022 మార్చి 28న సభలో కొట్లాట జరిగాక ఐదుగురు బీజేపీ సభ్యులను సస్పెండ్ చేశారు. వారిలో ముగ్గురు, అంటే మనోజ్ టిగ్గా, శంకర్ ఘోష్, దీపక్ బర్మన్ ఉత్తర బెంగాల్ వాళ్లు. జూన్‌లో సస్పెన్షన్ ఎత్తేశారు. 2025 జూన్‌లో నలుగురిని సస్పెండ్ చేస్తే వారిలోనూ ముగ్గురు ఉత్తరాది సభ్యులే. తప్పు ఎవరిదన్నది పక్కన పెడితే, మదారీహాట్, ఫాలాకాటా, సిలిగుడి ఓటర్ల ప్రశ్నలు ఆ రోజుల్లో సభలో లేవు. గొడవ చేసిన సభ్యుడితో పాటు అతని నియోజకవర్గానికీ శిక్ష పడుతుంది.

ఫలించిన ఒక ఉదాహరణ

ప్రశ్న చట్టంగా మారిన సందర్భమూ ఉంది. కూచ్ బెహార్ సరిహద్దులో బంగ్లాదేశ్‌కు చెందిన భూఖండాలు భారత్ లోపల, మనవి అక్కడ చిక్కుకుపోయి ఉండేవి. 2015 జులై 31 అర్ధరాత్రి వీటి మార్పిడి జరిగింది. 51 ఖండాలు భారత్‌లో, 111 బంగ్లాదేశ్‌లో కలిశాయి. 14 వేల మందికి పైగా కొత్తగా భారత పౌరులయ్యారు. ఓటు వచ్చింది, ఆధార్ వచ్చింది, కానీ తాము దున్నుతున్న పొలానికి భారతీయ పత్రం లేదు. బ్యాంకు అప్పు పుట్టదు, అమ్ముకోలేరు, పంట నష్టపరిహారం అడగలేరు. మూడేళ్లకు, 2018 నవంబరులో, భూసంస్కరణల చట్టానికి సవరణ చేసి వాళ్లకు హక్కు పత్రాలిచ్చే దారిని శాసనసభ తెరిచింది. పార్టీలకు అతీతంగా సభ ఒక్కటైంది. ఇక్కడ సమస్య స్పష్టంగా నిర్వచితమైంది, పరిష్కారం పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంది, ఎవరూ దాన్ని విభజనతో ముడిపెట్టలేదు. ఫలితం రావడానికి ఈ మూడూ కలిసొచ్చాయి.

భాషల విషయంలోనూ స్థానిక ఒత్తిడి పని చేసింది. 1961లో కొండల్లో నేపాలీకి గుర్తింపు దక్కింది. ఆ తర్వాత చాలా కాలానికి తోటల కార్మికుల కురుఖ్, మైదానంలోని కామతాపురీ, రాజ్‌బన్షీ అధికార భాషల జాబితాలో చేరాయి. అదే వరసలో 2020 డిసెంబరులో తెలుగుకు హోదా ఇవ్వాలని బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. రైల్వే ఉద్యోగాలతో ఖరగ్‌పుర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగువారి కోరిక అది. ఖరగ్‌పుర్ తెలుగువారు, డువార్స్ ఒరావ్‌లు ఒకే చట్టం కింద గుర్తింపు పొందడం బెంగాల్ బయట పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు.

ఏ ఏర్పాటు మేలు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ ఎమ్మెల్యేలతో ఒక ప్రాంతీయ సంఘం ఉండేది. 1958 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడి, 1973లో రాజ్యాంగ సవరణతో రద్దయింది. ఆ ప్రాంతానికి సంబంధించిన కొన్ని అంశాల మీద బిల్లులు ముందుగా ఆ సంఘం దగ్గరికి వెళ్లేవి. అది ఆశించినంత పని చేయలేదన్న విమర్శ ఉంది. అయినా ఒక ప్రాంతపు సభ్యులు పార్టీలకు అతీతంగా కూర్చుని లెక్కలు అడిగే చోటు అది. 2014 విభజన తర్వాత రాయలసీమ, ఉత్తరాంధ్రలోని 7 జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున కేంద్రం ప్రత్యేక సాయం మొదలుపెట్టింది. అది కొనసాగలేదన్న ఫిర్యాదు వేరే విషయం, కానీ ప్రాంతం పేరుతో ఒక అంకె కాగితం మీద ఉంది కాబట్టే దాన్ని అడగగలుగుతున్నారు.

54 మంది ఉత్తర బెంగాల్ సభ్యులకు అలాంటి ఉమ్మడి చట్టబద్ధ వేదిక లేదు. ప్రత్యేక శాఖ ఉంది, మినీ సచివాలయం ఉంది, కొండలకు జీటీఏ ఉంది. కట్టలు, తోటలు, ఆసుపత్రుల మీద అన్ని పార్టీల సభ్యులూ కలిసి మంత్రిని కూర్చోబెట్టి అడిగే చోటు మాత్రం లేదు. అది ఏర్పడినంత మాత్రాన గంగ కోత ఆగదు, భూటాన్ నదులు శాంతించవు. కానీ 120 కిలోమీటర్లు 19.4 కిలోమీటర్లుగా ఎందుకు తగ్గిందో, 5 సెంట్ల పట్టా ఎంతమందికి ఉన్నచోటే దక్కిందో, కాలువ ఏ మైలురాయి దగ్గర ఆగిపోయిందో లిఖితపూర్వకమైన జవాబు రాబట్టవచ్చు. వచ్చే అక్టోబరు లోపల ఉత్తర బెంగాల్ జనం తమ ఎమ్మెల్యేల నుంచి ముందుగా ఆశించేది ఆ జవాబులనే.